డిచ్‌పల్లి దయామయి – డాక్టర్ ఇసబెల్ కెర్

మహనీయుల జీవితచరిత్రలనగానే మనకు రాజులు, సేనానులు, కవులు, దేశనాయకులు జ్ఞప్తికి వస్తారు. యుద్ధాలు గెలిచినవారికి విగ్రహాలున్నాయి. గ్రంథాలు రచించినవారికి గ్రంథాలయాలున్నాయి. కాని సమాజం ఊరి వెలుపలికి నెట్టివేసిన అభాగ్యుల నడుమ తమ జీవితాన్ని గడిపి, వారిని మరల ఊరిలోనికి నడిపించడానికి పాటుపడినవారి పేర్లు మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తాయి. అట్టివారిలో డాక్టర్ ఇసబెల్ కెర్ ఒకరు. స్కాట్లాండులో పుట్టి, మన తెలంగాణ నేలపై ఇరవై సంవత్సరాలకు పైగా కుష్ఠురోగులకు సేవచేసిన ఈ మహిళామణి జీవితం మన విద్యార్థులు తెలుసుకోదగినది.

ఆమె కర్మభూమి మనకు దూరమైనది కాదు. సికింద్రాబాదులో బయలుదేరిన రైలు బొలారం దాటి మన మేడ్చల్‌కు వస్తుంది. ఇక్కడి నుండి మనోహరాబాదు, అక్కన్నపేట, కామారెడ్డి మీదుగా సాగి, నిజామాబాదు చేరడానికి కొద్ది మైళ్ల ముందు డిచ్‌పల్లి అనే చిన్న స్టేషనులో ఆగుతుంది. ఆపై గోదావరిని దాటి మన్మాడు వైపు వెళ్లిపోతుంది. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో ఈ మీటరు గేజి మార్గం మీద ప్రయాణం చేసిన వేలాది మందిలో వ్యాపారులున్నారు, సర్కారు నౌకర్లున్నారు, యాత్రికులున్నారు. వారితోపాటు చేతులను గుడ్డలో చుట్టుకొని, ముఖాన్ని కొంగుతోనో కండువాతోనో కప్పుకొని, ఎవరి పక్కనా కూర్చోవడానికి సాహసించలేక ఒక మూలకు ఒదిగి కూర్చున్న రోగులూ ఉన్నారు. వారు దిగవలసిన ఊరు డిచ్‌పల్లి. అక్కడ తమను చూచి పారిపోని ఒక డాక్టరమ్మ ఉన్నదని వారు విన్నారు.

ఆ కాలంలో కుష్ఠువ్యాధి అంటే ప్రజలకుండిన భయం ఎంతటిదో ఈనాటి విద్యార్థులు ఊహించడం కష్టం. మన పల్లెలలో దానిని పేరుపెట్టి పిలవడానికి కూడా జంకేవారు. పెద్దరోగం అనేవారు. ఉర్దూలో జుజామ్ అన్నా, తెలుగులో కుష్ఠు అన్నా విన్నవారి ముఖకవళికలు ఒకే విధంగా మారిపోయేవి. రోగం ఏ కులం వానికి వచ్చినా, ఏ మతం వానికి వచ్చినా ఫలితం ఒక్కటే. ఇల్లు పోయేది, ఊరు పోయేది, పేరు కూడా పోయేది. పూర్వజన్మ పాపమని కొందరు, దైవశాపమని కొందరు, రక్తదోషమని కొందరు తలచేవారు. బ్రిటిషు ఇండియాలో 1898 నాటి చట్టం ఒకటి బిచ్చమెత్తే కుష్ఠురోగులను పట్టి ఆశ్రమాలలో నిర్బంధించడానికి అధికారం ఇచ్చింది. చట్టం దృష్టిలో కూడా రోగి ఒక నేరస్థుని వంటివాడే.

ఈ వ్యాసరచయిత బాల్యం షామీర్‌పేట పరిసర గ్రామాలలో గడిచింది. చెరువు కట్ట దిగువన ఒక గుడిసెలో ఒక వృద్ధుడు ఒంటరిగా నివసించేవాడు. ఆయన ఇంటివారు ఊరిలోనే ఉండేవారు. ప్రతిదినం ఎవరో ఒకరు ఒక రాతిమీద రొట్టె పెట్టి వెనుదిరిగి వచ్చేవారు. వారు కనుమరుగైన తరువాతనే ఆయన గుడిసె నుండి వెలుపలికి వచ్చేవాడు. పిల్లలమైన మేము ఆ దారిన పోవలసివస్తే ఊపిరి బిగబట్టుకొని పరుగెత్తేవాళ్లం. ఆయన ఒకనాడు నన్ను చూచి చేయి ఎత్తి పిలిచాడు. బహుశా దాహమై నీరు అడగదలచాడేమో. నేను పారిపోయాను. ఆ చేయి ఈనాటికీ నా కన్నుల ముందు ఉన్నది. ఇసబెల్ కెర్ జీవితాన్ని గురించి మొదటిసారి తెలుసుకొన్నప్పుడు నాకు స్ఫురించినది ఆ వృద్ధుడే. నేను పారిపోయిన చోట ఆమె నిలిచింది.

ఇసబెల్ 1875వ సంవత్సరం మే నెల 30వ తేదీన స్కాట్లాండు ఉత్తర భాగంలోని ఇన్వర్నెస్ ప్రాంతంలో గన్ అనే ఇంటిపేరు గల ఒక రైతు కుటుంబంలో జన్మించింది. ఆమె పుట్టేనాటికి ఆ దేశంలోనే స్త్రీలు వైద్యవిద్య అభ్యసించడం మహాపరాధంగా భావింపబడేది. అంతకు కొద్ది సంవత్సరాల ముందు ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదవబోయిన యువతులను విద్యార్థులు, ఆచార్యులు కూడా అడ్డగించారు. వారికి పట్టాలు దక్కలేదు. 1892లో గాని స్కాట్లాండు విశ్వవిద్యాలయాలు స్త్రీలకు పట్టభద్రత ద్వారాలు తెరువలేదు. ఆ ద్వారం తెరుచుకొన్న తొలి దశాబ్దంలోనే అబర్డీన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, 1903లో వైద్యపట్టా పొందిన స్త్రీలలో ఇసబెల్ ఒకరు. తనకు ముందు నడిచినవారు ఎన్ని అవమానాలు సహించి ఆ దారి వేశారో ఆమెకు తెలియకపోదు. చదువు దొరకడం ఎంత కష్టమో ఎరిగినవారికే దానిని ఎవరికోసం వినియోగించాలన్న ప్రశ్న కలుగుతుంది.

అదే 1903వ సంవత్సరంలో ఆమె జార్జి మెక్‌గ్లాషన్ కెర్ అనే క్రైస్తవ బోధకుని వివాహమాడింది. దంపతులిద్దరూ 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షాన హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. అప్పటికి మహబూబ్ అలీ ఖాన్ ఆరవ నిజాముగా పరిపాలిస్తున్నారు. వారు వచ్చిన మరుసటి సంవత్సరమే, 1908లో, మూసీనది పొంగి రాజధాని నగరాన్ని ముంచివేసింది. వెస్లియన్ మిషను అప్పటికే సికింద్రాబాదు, మెదకు, నిజామాబాదు ప్రాంతాలలో బడులు, వైద్యశాలలు నెలకొల్పుతూ వచ్చింది. నేడు మనం మెదకులో చూచే మహాదేవాలయాన్ని 1924లో పూర్తిచేసిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కూడా ఆ మిషనుకు చెందినవారే.

మతప్రచారం ఆ మిషను ఆశయాలలో ఒకటి. దానిని దాచవలసిన పనిలేదు. దానిని గురించి పాఠకులలో భిన్నాభిప్రాయాలుండవచ్చు. కాని ఒక మనిషి జీవితాన్ని తూచవలసివచ్చినప్పుడు ఆమె ఏ గుడిలో ప్రార్థించింది అన్నదానికంటె, ఎవరి పుండు కడిగింది అన్నది ముఖ్యమని నా విశ్వాసం.

కెర్ దంపతులకు నియమింపబడిన స్థానం నిజామాబాదు. ఆ పట్టణానికి పూర్వనామం ఇందూరు. నిజామాబాదు అన్న పేరు 1905లోనే వచ్చింది. రైలుమార్గం వచ్చినప్పటి నుండి అది ధాన్యవ్యాపారానికి కేంద్రమై పెరుగుతున్నది. అక్కడ ఒక స్త్రీ వైద్యురాలి అవసరం ఎంతగానో ఉండేది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పురుషవైద్యుని ఎదుటికి రారు. హిందూ గృహాలలోను అదే పరిస్థితి. ప్రసవవేదనతో ప్రాణాలు పోతున్నా వైద్యుని పిలువనివారు ఎందరో. ఇట్టి చోట ఒక డాక్టరమ్మ రావడం పట్టణానికంతటికీ వరమే. ఆమె అంతటితో తృప్తిపడి, ఆ వైద్యశాలనే చక్కగా నడుపుకొని ఉన్నా ఆమె పేరు నిజామాబాదువారు కొంతకాలం కృతజ్ఞతతో చెప్పుకొనేవారు.

అయితే ఆ వైద్యశాలకు వచ్చేవారిలో కుష్ఠురోగులు కూడా ఉన్నారు. సాధారణ రోగుల నడుమ వారిని ఉంచుకొంటే తక్కినవారు రారు. పంపివేస్తే వారికి పోవలసిన చోటు లేదు. వైద్యవృత్తిలో ఉన్నవారెందరో ఈ చిక్కుముడిని పంపివేయడం ద్వారానే విప్పుకొన్నారు. ఇసబెల్ అట్లు చేయలేకపోయింది. 1911లో కెర్ దంపతులు నిజామాబాదులో కుష్ఠురోగుల కొరకు ఒక ఆశ్రయగృహాన్ని ప్రారంభించారు. వార్త వ్యాపించింది. రోగులు రాసాగారు. కొద్దికాలంలోనే ఆ స్థలం ఇరుకైపోయింది. వచ్చినవారికి చోటు చాలక తిప్పిపంపవలసివచ్చిన దినాలు ఏర్పడ్డాయి.

ఆ సమయంలో ముందుకు వచ్చిన దాత రాజా నర్సాగౌడ్. ఆయన హైందవుడు, ధనికుడు. క్రైస్తవ దంపతులు నడిపే సంస్థకు, అందరూ అసహ్యించుకొనే రోగుల కొరకు, ఆయన పెద్ద మొత్తాన్ని విరాళంగా ఇచ్చారు. ఆ దానబలంతో నిజామాబాదుకు సమీపంలోని డిచ్‌పల్లిలో విశాలమైన ఆవరణలో కొత్త వైద్యశాల నిర్మాణం సాగింది. 1915 నాటికి అది రూపుదాల్చింది. విక్టోరియా కుష్ఠువైద్యాలయమని దానికి పేరు. ముస్లిము ప్రభువు ఏలుబడిలో, హిందూ దాత ధనంతో, క్రైస్తవ వైద్యురాలి చేతిమీదుగా, సర్వమతాల రోగుల కొరకు వెలసిన సంస్థ అది. ఉర్దూ, తెలుగు రెండూ పక్కపక్కన కూర్చొని చదువుకొనే మన కళాశాల వంటి చోట ఈ విషయాన్ని ప్రత్యేకంగా స్మరించుకోవడం సముచితం. మతసామరస్యం గురించి వేదికలమీద ఉపన్యసించడం సులభం. దానిని ఇటుకలతో, సున్నంతో కట్టి చూపినవారు అరుదు.

డిచ్‌పల్లి సంస్థ విశిష్టతను గుర్తించాలంటే ఆనాటి కుష్ఠు ఆశ్రమాలు ఎట్టివో తెలియాలి. దేశంలో అట్టి ఆశ్రమాలు అంతకు ముందే అనేకం ఉండేవి. రోగికి అన్నం, బట్ట, నీడ కల్పించి మరణపర్యంతం శాంతిగా ఉండనివ్వడమే వాటి పరమార్థం. వచ్చినవాడు తిరిగి వెళ్లడన్నది అందరూ అంగీకరించిన విషయం. స్త్రీ పురుషులను వేరువేరుగా ఉంచడం, రోగుల బిడ్డలను వారినుండి దూరంగా పెంచడం ఆనాటి ఆచారం. దాని వెనుక ఎంత కన్నీరున్నదో చెప్పనలవికాదు. జాలితో కట్టినదైనా అది ఒక విధమైన చెరసాలయే. నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో ఈ వ్యాధికి ఒక సూక్ష్మజీవి కారణమని కనుగొని, పాపమూ కాదు, శాపమూ కాదు అని తేల్చినప్పటికీ, ఆ జీవిని చంపే మందు మాత్రం ఎవరివద్దా లేదు.

మందు అని చెప్పదగినది ఒక్కటే ఉండేది. అది మన దేశపు అడవులలో పెరిగే ఒక చెట్టు గింజల నూనె. సుశ్రుతుడు తువరకమని పేర్కొన్నది ఈ జాతి వృక్షాన్నే. చాల్‌మోగ్రా అని ఉత్తరాదివారు, అడవిబాదం అని మనవారు పిలుస్తారు. శతాబ్దాలుగా వైద్యులు ఈ నూనెను కుష్ఠుకు తాగిస్తూ వచ్చారు. కాని దాని రుచి దుర్భరం. తాగినవాడు వాంతి చేసుకొనేవాడు. రోగం తగ్గేంత మోతాదు కడుపులో నిలిచేది కాదు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ అనే వైద్యశాస్త్రవేత్త ఆ నూనె సారాన్ని సూదిమందుగా ఇచ్చే మార్గాన్ని కనుగొన్నారు. ఆ తరువాత ఎర్నెస్ట్ ముయిర్ ఆ పద్ధతిని ఇంకను అభివృద్ధి చేశారు. మన ప్రాచీన వైద్యుల మందే ఆధునికుల సూదితో మరల మన రోగుల చెంతకు వచ్చింది.

ఇసబెల్ ఈ కొత్త చికిత్సను ఆసక్తితో అందుకొని డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టింది. అది సుఖమైన చికిత్స కాదు. చిక్కని నూనెను చర్మం క్రింద ఎక్కించినప్పుడు తీవ్రమైన నొప్పి, వాపు కలుగుతాయి. ఒకటి రెండు సూదులతో పోయేది కాదు. వారం వారం, నెలల తరబడి, కొందరికి సంవత్సరాల తరబడి ఇవ్వవలసి ఉంటుంది. రోగికి ఎంత ఓర్పు కావాలో వైద్యునికీ అంత ఓర్పు కావాలి. ముదిరిన రోగంలో ఫలితం స్వల్పం. అయితే తొలిదశలో వచ్చినవారిలో మచ్చలు మాసిపోవడం, వ్యాధి నిలిచిపోవడం కనిపించింది. వ్యాధి అణిగినవారిని ఇంటికి పంపడం సాధ్యమయింది. లోపలికి మాత్రమే తెరుచుకొనే ఆశ్రమద్వారం మొదటిసారిగా వెలుపలికి కూడా తెరుచుకొన్నది. ఆశ్రమం ఆసుపత్రిగా మారడమంటే ఇదే. నా దృష్టిలో ఇసబెల్ కెర్ జీవితంలోని సర్వస్వం ఈ ఒక్క మార్పులో ఇమిడి ఉన్నది.

ఈ మార్పు వలన మరొక మేలు కలిగింది. చావడానికే పోయే చోటికి ఎవడూ తొలిదశలో పోడు. దాచగలిగినన్నాళ్లు రోగాన్ని దాచి, ముక్కు వ్రాలి, వ్రేళ్లు పోయిన తరువాత, ఊరివారు తరిమివేసిన తరువాత పోతాడు. అప్పుడు ఏ మందూ పనిచేయదు. మందు పనిచేయదు కనుక భయం పెరుగుతుంది. భయం పెరుగుతుంది కనుక మరొకడు దాస్తాడు. ఇది ఒక విషవలయం. నయమై తిరిగివచ్చిన ఒక్క మనిషి ఊరి బావివద్ద నిలబడి నీరు తోడుకొంటే ఆ వలయం ఒకచోట తెగుతుంది. వానిని చూచి, చేతిమీద చిన్న మచ్చ కనిపించిన మరొకడు ధైర్యంగా వైద్యునివద్దకు వస్తాడు. ఈ విధంగా నయమైన ప్రతి రోగీ ఒక ఉపదేశకుడే.

వైద్యశాల నిర్వహణలో జార్జి కెర్ ఆమెకు కుడిభుజమై నిలిచారు. కట్టడాలు, లెక్కలు, ధనసేకరణ వంటి భారాలలో ఆయన పాలుపంచుకొన్నారు. వైద్యం ఆమె వంతు. ఒకరి పని లేకుండా మరొకరి పని సాగేది కాదు. భార్య వైద్యురాలిగా ప్రసిద్ధి పొందుతుంటే భర్త ఆమె వెనుక నిలిచి సంస్థను మోయడం ఈనాడు సైతం సర్వసాధారణం కాదు. నూరేండ్ల క్రిందట అది మరింత అపురూపం.

బ్రిటిషు ప్రభుత్వం 1923లో ఇసబెల్ కెర్‌ను కైజర్-ఇ-హింద్ పతకంతో గౌరవించింది. డిచ్‌పల్లి పేరు సంస్థానపు ఎల్లలు దాటి దేశమంతటా వైద్యులకు పరిచితమయింది. 1932లో, అరవై ఏండ్లు నిండకముందే, ఇసబెల్ కెర్ కన్నుమూసింది. ఆమె పోయిన తరువాత కూడా జార్జి కొన్ని సంవత్సరాలు ఆ సంస్థ భారం వహించారు. ఆమె తనతోపాటు ఆసుపత్రిని తీసుకొనిపోలేదు. వ్యక్తి పోయినా పని నిలవడమే ఆ వ్యక్తి ఘనతకు గీటురాయి.

ఆ పని ఎంత దూరం పాకినదో చెప్పే ఒక విషయం ఇక్కడ ప్రస్తావించాలి. డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యులలో జాన్ లో అనే ఆయన ఒకరు. ఇక్కడ కుష్ఠువైద్యంలో అనుభవం గడించి, పిమ్మట కలకత్తాలో పరిశోధన సాగించి, అనంతరం పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లారు. ఆ దేశపు తూర్పు ప్రాంతంలో ఉజువాకోలి అనే గ్రామసీమలో మెథడిస్టు మిషనువారు నెలకొల్పిన కుష్ఠురోగుల కాలనీ ఒకటి ఉన్నది. అక్కడి ఇబో జాతి పల్లెలలోను మన పల్లెలలో వలెనే రోగిని ఊరికి దూరంగా ఉంచేవారు. 1940వ దశకం చివరి సంవత్సరాలలో అక్కడ లో డాప్సోన్ అనే మందును మాత్రల రూపంలో రోగులకిచ్చి, అది సురక్షితమని, సమర్థమని నిరూపించారు. బాధాకరమైన నూనె సూదుల యుగం అంతటితో ముగిసింది. ఒక చిన్న మాత్ర, అతి స్వల్పమైన ఖర్చుతో, పేదవాని గుడిసెకు సైతం చేరగలిగింది. అదే ఉజువాకోలిలో అనేక సంవత్సరాలు సేవచేసిన ఫ్రాంక్ డేవీ అనే వైద్యుడు 1960వ దశకం చివర మన డిచ్‌పల్లికి వచ్చి పనిచేశారు. తెలంగాణ పల్లె ఆఫ్రికా పల్లెకు ఒక వైద్యుని ఇచ్చింది, ఆఫ్రికా పల్లె మనకు మందును, మరొక వైద్యుని తిరిగి ఇచ్చింది. జ్ఞానానికి ఎల్లలు లేవనే మాటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

అటుపిమ్మట వైద్యశాస్త్రం ఇంకను ముందుకు సాగింది. ఒకే మందుకు సూక్ష్మజీవి అలవాటుపడుతున్నదని గ్రహించి, 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు పలు మందులను కలిపి ఇచ్చే బహుళౌషధ చికిత్సను సిఫారసు చేశారు. నేడు రోగ స్వభావాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో మందు వాడితే వ్యాధి పూర్తిగా నయమవుతుంది. ఆ మందు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో ఉచితం. చికిత్స ఆరంభమైన కొద్దికాలానికే రోగి నుండి ఇతరులకు వ్యాధి సోకే అవకాశం తొలగిపోతుంది. అసలు మనుషులలో నూటికి తొంభై ఐదుగురికి ఈ వ్యాధిని ఎదిరించే శక్తి సహజంగానే ఉన్నది. వ్రేళ్లు రాలిపోతాయనే మాట కూడా సరికాదు. వ్యాధి నరాలను దెబ్బతీయడం వలన స్పర్శ పోతుంది. స్పర్శ లేనందున కాలినా, కోసుకొన్నా తెలియదు. తెలియని గాయం పుండై, పుండు ముదిరి, అవయవం క్షీణిస్తుంది. నొప్పి తెలియకపోవడమే ఈ రోగంలోని పెద్ద ప్రమాదం.

భారతదేశం 2005వ సంవత్సరాంతానికి కుష్ఠువు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రకటించింది. పదివేలమందికి ఒక్కరికంటె తక్కువగా రోగులున్నారని దాని అర్థం. రోగమే లేదని కాదు. ఇటీవలి సంవత్సరాలలో సైతం ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్ఠురోగులలో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నారు. 1898 నాటి చట్టం రద్దు కావడానికి 2016 దాకా పట్టింది. భార్యకో భర్తకో కుష్ఠు ఉన్నదన్న కారణంతో విడాకులు కోరవచ్చుననే నిబంధనలను మన చట్టాల నుండి తొలగించినది 2019లోనే. మందు వచ్చిన ఎన్ని దశాబ్దాలకు న్యాయం వచ్చిందో లెక్కించి చూడండి. శరీరంలోని సూక్ష్మజీవిని చంపడానికి ఆరు నెలలు చాలు. మనసులోని భయాన్ని చంపడానికి నూరేండ్లు కూడా చాలలేదు.

ఇది గతించిన కథ కాదని చెప్పడానికి ఒక సంఘటన విన్నవిస్తాను. నేనెరిగిన ఒక విద్యార్థి కొన్నేండ్ల క్రిందట వేరొక ఊరిలో వసతిగృహంలో ఉండి చదువుకొనేవాడు. ముంజేతిమీద పాలిపోయిన మచ్చ ఒకటి కనిపించింది. గిచ్చినా తెలియలేదు. పొడుగుచేతుల చొక్కా తొడుగుకొని ఆ మచ్చను ఒక సంవత్సరంపాటు దాచాడు. చివరకు ఆరోగ్యకేంద్రానికి వెళ్లి మందు మొదలుపెట్టాడు. ఆ సంగతి తెలిసిన మరునాడే అతని పక్క ఖాళీ చేయించారు. అతని కంచం వేరుచేశారు. వైద్యుడు ప్రమాదం లేదని వ్రాసి ఇచ్చిన కాగితాన్ని ఎవరూ చదవలేదు. అతడు పరీక్ష వ్రాయకుండానే ఇల్లు చేరాడు. రోగం నయమైంది. పోయిన సంవత్సరం తిరిగి రాలేదు. ఆ వసతిగృహంలో ఉన్నవారంతా చదువుకొన్నవారే. చెరువు కట్ట క్రింది వృద్ధునికి దూరంగా పరుగెత్తిన నాటి పిల్లవాడికి చదువు లేదు. వీరికి ఆ సాకు కూడా లేదు.

విద్యార్థి మిత్రులారా! ఇసబెల్ కెర్ మనకు నేర్పే పాఠం వైద్యులు కాదలచినవారికి మాత్రమే పరిమితమైనది కాదు. మన ఒంటిమీద స్పర్శలేని మచ్చ కనిపిస్తే దాచకుండా ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం ఒక పాఠం. మన పక్కవానికి కనిపిస్తే వాని పక్కనుండి లేచిపోకుండా వానితోకూడ వెళ్లడం అంతకంటె పెద్ద పాఠం. ఈ రెండవది చేయడానికి వైద్యపట్టా అక్కరలేదు, విరాళాలు అక్కరలేదు, సముద్రాలు దాటి రానక్కరలేదు. అదే బెంచీమీద మరునాడు కూడా కూర్చుంటే చాలు.

డిచ్‌పల్లి నేడు విద్యాకేంద్రం. 2006లో నెలకొల్పబడిన తెలంగాణ విశ్వవిద్యాలయం అక్కడనే ఉన్నది. మనలో కొందరు పైచదువులకై ఆ దారిన వెళ్లవచ్చు. మేడ్చల్‌లో రైలెక్కి డిచ్‌పల్లిలో దిగినప్పుడు ఒక్క క్షణం ఆ ప్లాటుఫారం మీద నిలిచి చూడండి. ముఖం కప్పుకొని అక్కడ దిగిన వేలాది అభాగ్యులను తలచుకోండి. వారిలో కొందరు నయమై, ముఖం మీది గుడ్డ తొలగించి, అదే స్టేషనులో ఇంటికి టిక్కెట్టు కొనుక్కొన్నారు. ఆ టిక్కెట్టు వారి చేతికి రావడానికి తన జీవితాన్ని వెచ్చించిన ఒక స్కాట్లాండు రైతుబిడ్డను కూడా తలచుకోండి.